బ్యాగులు కట్టేక ఓసారి కాటా ఎక్కించండి

ఆఁ, వినపడతందా అండి వెనకాలోళ్ళకి? మైకు కాస్త గరగరమంటంది, సర్దుకుపోదాం. ముందే చెప్పేస్తన్నాను, నేను ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి కాదండి, అంబాజీపేటలో ఎండుకొబ్బరి వ్యాపారం, పొద్దున్నే షట్టర్ తీసి కాటా దగ్గర కూర్చుంటే సాయంత్రం దాకా తూకాలే నా పని. ఈ కుర్రాళ్ళొచ్చి బాబాయ్, జనవరిలో పదకొండు మందిమి అమలాపురం నించి కన్యాకుమారికి సైకిళ్ళ మీద పోదామనుకుంటన్నాం, నువ్వు వెళ్ళొచ్చావు కదా, ఓ గంట మాట్లాడు అంటే కాదనలేక వచ్చేను.

వెళ్ళొచ్చిన మాట నిజమేనండి. కాపోతే రెండుసార్లు బయల్దేరి ఒక్కసారే చేరేను. మొదటిసారి ఒంగోలు కూడా చేరలేదు. చేరిన కథ అందరూ అడుగుతారు, ఫొటోలు చూస్తారు, చేరని కథ ఎవడూ అడగడు, కానీ మీకు పనికొచ్చేది అదే కాబట్టి అది చెప్తాను.

మొదటిసారి ఏం చేసేనంటే, బయల్దేరే ముందు రోజు రాత్రి ఇంట్లో ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చి మంచం మీద పెట్టేరు. మా అమ్మ రెండు కేజీల సున్నుండలు, దుప్పటి ఒకటి చాలదని ఇంకోటి, మా ఆవిడ మూడు జతల చొక్కాలు ప్యాంట్లు ఇస్త్రీ చేసి మరీ ఇచ్చింది, నేను నా వంతు స్టవ్వు, గిన్నెలు, టెంటు, రెండు స్పేరు టైర్లు, ఓ పెద్ద రెంచీ, అదెందుకో నాకే తెలీదు, సైకిల్లో దానికి పట్టే నట్టు ఒక్కటీ లేదు. (నవ్వులు) అన్నీ రెండు బ్యాగుల్లో కుక్కి వెనక క్యారియర్‌కి కట్టి, పైన ఇంకో మూట. సైకిలు స్టాండేస్తే ముందు చక్రం గాల్లోకి లేచిపోతంది. అప్పుడైనా బుద్ధి రావాలి కదండి? రాలేదు. కొబ్బరికాయకి దండం పెట్టి బయల్దేరేను.

చించినాడ బ్రిడ్జి ఎక్కేటప్పుడే తెలిసింది, హ్యాండిల్ నా మాట వినటం లేదు, పాము తలలాగ అటూ ఇటూ ఊగుతంది. సరే అలవాటవుద్దిలే అనుకున్నా. నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె దాకా బాగానే లాగేను. మూడోరోజు చీరాల దాటేక వెనకాల 'టింగు'మని ఓ శబ్దం. ఏదో రాయి తగిలిందనుకున్నా. ఇంకో నాలుగు కిలోమీటర్లకి ఇంకో టింగు. దిగి చూస్తే వెనక చక్రంలో రెండు పుల్లలు, అదే స్పోకులు, తెగిపోయి వేలాడతన్నాయి, రిమ్ము బెండు తిరిగి బ్రేకుకి రాసుకుంటంది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్తానండి, ఇది ముఖ్యం. వెనక చక్రంలో పుల్లలు రెండు వైపులా సమానంగా బిగించి ఉండవు. కుడివైపు ఫ్రీవీలుకి, అంటే చైను పట్టే పళ్ళచక్రాలకి, చోటివ్వాలి కాబట్టి అటు పుల్లలు నిటారుగా, ఎక్కువ బిగువుతో ఉంటాయి. మనం బరువంతా వెనకే కడతాం, మన ఒళ్ళు బరువూ సగం పైన వెనక చక్రం మీదే పడుద్ది. గుంటలో పడ్డప్పుడల్లా ఆ పుల్లలు లాగబడటం వదలటం, లాగబడటం వదలటం, తీగని పదిసార్లు వంచితే తెగినట్టు చక్రం మధ్యలో హబ్బు దగ్గర మెడ వంపులో తెగిపోతాయి. ఎక్కువగా తెగేది ఆ ఫ్రీవీలు వైపే. పైగా అటు పుల్ల మార్చాలంటే ఫ్రీవీలు ఊడదియ్యాలి, దానికి వేరే పనిముట్టు కావాలి. నా దగ్గర అంత పెద్ద రెంచీ ఉంది, అరచేతిలో పట్టే ఆ ముక్క లేదు. రోడ్డు పక్కన ఒక పెద్దాయన సైకిల్ షాపు దొరికింది, పాపం ఆయన తప్పేం లేదు, ఆయన దగ్గర ఉన్నవన్నీ మామూలు సైకిళ్ళ పుల్లలు, నా చక్రం కొలత వేరు. ఉన్నవాటితోనే కొంచెం బెండు తీసి సాగనంపేడు. పది కిలోమీటర్లు పోయేక మూడోది తెగింది. సైకిలు టాటా ఏస్ ఎక్కించి, నేను డ్రైవరు పక్కన కూర్చుని, చీరాల స్టేషన్‌కి వచ్చి ఇంటికొచ్చేసేను. ఒళ్ళో సున్నుండల డబ్బా.

ఇంటికొచ్చిన మర్నాడు బ్యాగులు షాపులోకి తీసుకెళ్ళి కాటా మీద పెట్టేను. ఎంత ఉంటాయనుకున్నారు? 28 కేజీలు. రోజూ ఊరందరి కొబ్బరీ తూచేవాణ్ణి, కిలోకి పది గ్రాములు తేడా వస్తే రైతు దగ్గర మాట పడేవాణ్ణి, నా సొంత మూట తూచుకోలేదు. మా గుమస్తా ఆ రోజు నవ్విన నవ్వు ఇప్పటికీ మర్చిపోలేదు.

రెండోసారి నీళ్ళు కాకుండా 11 కేజీలు. అంతే తేడా అండి, కాళ్ళు అవే, సైకిలు అదే, వెనక చక్రం మాత్రం 36 పుల్లలది గట్టిగా కట్టించేను. ఇప్పుడు మీరు కొనే సైకిళ్ళలో చక్రాలకి పుల్లలు తక్కువ ఉంటాయి, చూడ్డానికి బాగుంటాయి, సామాను లేకుండా తొక్కడానికి చాలు, మూట కట్టేవాడికి చాలవు. సైకిలు కొత్తది కొనక్కర్లేదు గానీ ఆ వెనక చక్రం మీద మాత్రం డబ్బులు పెట్టండి. మీ చక్రం కొలత పుల్లలే ఓ నాలుగు, ఫ్రేముకి టేపుతో చుట్టేసుకోండి, ఆ ఫ్రీవీలు ఊడదీసే ముక్క జేబులో వేసుకోండి. బరువు కూడా అంతా వెనకే కట్టకుండా కొంత ముందుకి, ఎంత కిందకి ఉంటే అంత మంచిది. పైన మూట కట్టకండి, ఊగేది అదే.

ఏం తగ్గించేవు అని అడుగుతారు కదా. స్టవ్వు తీసేసేను, ఎన్‌హెచ్ 216 మీద, ఆ తర్వాత ఎన్‌హెచ్ పదహారు మీద, పాతిక కిలోమీటర్లకి ఓ టిఫిన్ దొరకని చోటు లేదు. టెంటు తీసేసేను, గుళ్ళ దగ్గర సత్రాలు, లాడ్జిలు ఉంటాయి, కన్యాకుమారి రోడ్డులో టెంటు వేసేది ఫొటో కోసమే. బట్టలు రెండు జతలు, ఒకటి ఒంటి మీద, ఒకటి క్యారియర్ మీద ఆరతా. సున్నుండలు మాత్రం పది పట్టుకెళ్ళేను, అమ్మ ఊరుకోదు.

సరే, ఇప్పుడు ప్రాక్టీసు సంగతి. మన కుర్రాళ్ళు రోజూ పొద్దున్నే ఖాళీ సైకిళ్ళేసుకుని యానాం దాకా వెళ్ళి, టీ తాగి వచ్చి, అరవై కిలోమీటర్లు కొట్టేం అని స్టేటస్ పెడుతున్నారు. చూస్తన్నాను. మంచిదే. కానీ అది ప్రాక్టీసు కాదండి, అది టీ. సామాను మొత్తం కట్టి, ఇంటికి రాకుండా, రెండు రాత్రులు బయట పడుకుని మూడోరోజు కూడా సీటెక్కండి. మూడోరోజు పొద్దున్న సీటు మీద కూర్చోగానే ఒంట్లోంచి ఓ మాట వస్తాది, అది నేనిక్కడ మైకులో చెప్పలేను. (నవ్వులు)

దానికి దారి కూడా చెప్తాను. పంచారామాలు ఐదుంటే నాలుగు మన చుట్టుపక్కలే ఉన్నాయి కదా. అమలాపురం నించి ముక్తేశ్వరం వెళ్ళండి, గౌతమి మీద పంటు, అదే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కి కోటిపల్లి దిగండి, ద్రాక్షారామం చూసుకుని రామచంద్రపురం మీదుగా సామర్లకోట, అక్కడ ఒక రాత్రి. రెండోరోజు రాజమండ్రి, ధవళేశ్వరం, బ్యారేజీ మీంచి విజ్జేశ్వరం దిగి నిడదవోలు, తణుకు, అక్కడ పడక. మూడోరోజు భీమవరం సోమారామం, పాలకొల్లు క్షీరారామం, చించినాడ మీదుగా రాజోలు, ఇల్లు. రెండొందల యాభై కిలోమీటర్ల పైనే వస్తాది. కార్తీక సోమవారాలు మాత్రం వద్దు, ఒక్కరోజులో ఐదు గుళ్ళూ చుట్టే బస్సులన్నీ ఆ రోడ్డు మీదే ఉంటాయి, డ్రైవర్లకి రాత్రిలోపు ఐదోది అందుకోవాలనే కంగారు, మన సంగతి ఎవడు చూస్తాడు. పంటు ఎక్కేటప్పుడు బ్యాగులు విప్పకుండానే ఎక్కించి చూడండి, రేవు దగ్గర ఆ చెక్కల మీద, ఆ బురదలో సైకిలు నెట్టలేకపోయేరనుకోండి, మీ మూట ఎక్కువైనట్టే లెక్క.

ధవళేశ్వరం దగ్గర ఓ గంట ఆగండి బాబూ, కాటన్ దొర మ్యూజియం ఉంది, 1852లో ఆనకట్ట పూర్తయింది కాబట్టే ఈ రోజు మనం కొబ్బరీ వరీ అని మాట్లాడుకుంటున్నాం. ఇప్పుడు మనం దాటేది ఆ పాత ఆనకట్ట కాదు, తర్వాత కట్టిన బ్యారేజీ, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. నేను ఆగమనేది చరిత్ర కోసం ఒక్కటే కాదు, ఆ బ్యారేజీ మీద గాలి ఎలా కొడుతుందో చూడమని.

గాలి గురించి చెప్పాలి. మనోళ్ళకి ఓ భ్రమ ఉంది, మాది డెల్టా, పళ్ళెంలాంటి నేల, ఎత్తుల్లేవు, తొక్కడం తేలిక అని. ఎత్తులున్న చోట దిగుడు కూడా ఉంటాది కదండి, దిగేటప్పుడు కాళ్ళకి రెస్టు, సీటు మీంచి లేచి నిలబడొచ్చు. పళ్ళెంలాంటి చోట పొద్దున్న మొదలెట్టిన తొక్కుడు మధ్యాన్నం దాకా ఆగదు, అదే కూర్చోడం, అదే అరిచెయ్యి, అదే మోకాలు. అందుకని ఇరవై నిమిషాలకోసారి కావాలని లేచి నిలబడి తొక్కండి, అరిచేతులు మార్చి పట్టుకోండి. లేపోతే చిటికెన వేలు పక్కన తిమ్మిరి మొదలవుద్ది, నాకు ఇంటికొచ్చేక కూడా పది రోజులు చొక్కా గుండీ పట్టలేదు.

మనకి ఎత్తులు లేకపోతే ఏం, గాలి ఉంది. స్పీడు రెట్టింపు చేస్తే గాలి అడ్డు నాలుగింతలు అవుద్ది, ఆ స్పీడులో దాన్ని నెట్టుకుపోవడానికి ఎనిమిదింతల పవర్ కావాలి. ఎదురు గాలి కూడా ఆ అడ్డుని అలాగే పెంచేస్తాది. కాబట్టి ఎదురు గాలిలో కూడా రోజూ వచ్చే స్పీడే రావాలని పంతం పట్టేవాడు మధ్యాన్నానికి అయిపోతాడు. చిన్న గేరు వేసుకుని, కాళ్ళు చకచకా తిప్పుకుంటా, గంటకి పన్నెండు వస్తే పన్నెండే అనుకుని పోవాలి. మోకాళ్ళు పోయేది పెద్ద గేరులో ఉక్కిరిబిక్కిరిగా తొక్కేవాళ్ళకే. మన సముద్రం పక్కన పొద్దున్న గాలి ఉండదు, ఎండెక్కేక సముద్రం నించి మొదలవుద్ది, అందుకే తెల్లారగట్ల బయల్దేరి పదకొండింటికల్లా రోజులో ముప్పాతిక భాగం కొట్టెయ్యండి. మీరు జనవరి అనడం మంచిదయింది, అప్పుడు ఈశాన్యం గాలి, దక్షిణానికి పోయేవాడికి వీపు మీద చెయ్యేసి నెట్టినట్టుంటాది. నవంబరులో వద్దు, తుఫాన్లు. సంక్రాంతి మూడు రోజులూ కూడా రోడ్డెక్కకండి, పందేలకెళ్ళే కార్లు, ప్రభల తీర్థాలకెళ్ళే జనం, ఎవడి హుషారు వాడిది.

సీటు ఎత్తు సంగతి చెప్పడం మర్చిపోయేను. గోడ పట్టుకుని సీటెక్కి కూర్చోండి, పెడలు బాగా కిందకి తెచ్చి మడమ పెడలు మీద పెట్టండి, కాలు నిటారుగా వచ్చిందా, సరిపోయింది. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు దగ్గర కొంచెం వంపు మిగులుద్ది, అదే కావల్సింది. మెత్తటి సీటు కవర్లు కొంటన్నారు, ఆ స్పాంజి గంటలో అణిగిపోయి ఇంకెక్కడో ఒరుసుకుంటంది. ప్యాడు ఉన్న నిక్కరు కొనుక్కోండి, లోపల ఇంకేం వేసుకోకండి, ఆయ్, నవ్వుతారేంటి, కుట్లు రాసుకుని పుండ్లు పడతాయి. రోజూ ఉతకండి. ఉతకని నిక్కరుతో రెండోరోజు కూర్చున్నవాడు మూడోరోజు బస్సెక్కుతాడు.

చైను. మన సముద్రపు గాలికి, ఆక్వా చెరువుల పక్క రోడ్లకి చైను వారంలో తుప్పు పడుద్ది. స్కేలు తీసుకుని చైను మీద పెట్టండి, కొత్త చైనులో పన్నెండు అంగుళాలకి సరిగ్గా ఇరవై నాలుగు లింకులు, పిన్ను మీంచి పిన్నుకి. ఆ పన్నెండు కాస్తా అంగుళంలో పదహారో వంతు దాటి పన్నెండుం చిల్లర అయిందంటే చైను మార్చెయ్యండి, లేపోతే అది పళ్ళచక్రాల్ని కూడా తినేస్తాది. ఇంకోటి, దయచేసి చైనుకి కొబ్బరి నూనె వెయ్యకండి. కొబ్బరి వ్యాపారినే చెప్తన్నాను. చలికాలం పొద్దున్న సీసాలో నూనె ఎలా పేరుకుంటాదో మీ ఇంట్లో చూళ్ళేదా, చైనులో కూడా అంతే, పైగా దుమ్మంతా పట్టుద్ది. మా మేనల్లుడు వేసేడు. వాడు ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పను. (నవ్వులు)

కొబ్బరి మాటొచ్చింది కాబట్టి బోండాం సంగతి కూడా. బోండాం తాగండి, కోనసీమలో పుట్టి వద్దంటే పాపం. కానీ దాంట్లో పొటాషియం బాగా ఉంటాది, ఉప్పు తక్కువ. చెమటలో నీళ్ళతో పాటు పోయేది ముఖ్యంగా ఉప్పు. మన ఉక్కలో చొక్కా ఆరేక తెల్లటి చారలు కనపడతాయి చూడండి, అదే. ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్ళలో కలుపుకోండి, లేపోతే లీటరుకి ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, చిన్న చెంచాలండి, కూర గరిటెలు కాదు. వట్టి నీళ్ళు మాత్రం కడుపు నిండా అదే పనిగా తాగేసి ఒంట్లో ఉప్పు పల్చబడితే తల తిరిగి పడిపోతారు, అదీ ప్రమాదమే. తిండి సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు, రావులపాలెం దగ్గర పుట్టినోళ్ళకి అరటిపండు గురించి నేను చెప్పాలా, ఇడ్లీలు తినండి, పెసరట్టు ఉప్మా తిని ఎండలో తొక్కకండి, అది కడుపులో కూర్చుని కూతపెట్టుద్ది.

రోడ్డు. డిసెంబరు ప్రాక్టీసులో మీకు ఎదురయ్యేది ధాన్యం. సగం రోడ్డు మీద ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు, రైతుని తిట్టకండి, కళ్ళాల్లేవు వాళ్ళకి, కానీ చీకట్లో ఆ రాళ్ళు కనపడవు, ధాన్యం మీద బ్రేకేస్తే చక్రం జారుద్ది. రొయ్యల బండ్ల నించి కారే నీళ్ళు కూడా అంతే, మలుపుల్లో బ్రేకు వెయ్యొద్దు, మలుపుకి ముందే వేసుకోండి. మంచు రోజుల్లో పొద్దున్న కాలవగట్టు మీద పది గజాలు కనపడదు, వెనకాల ఎర్ర లైటు ఒకటి కాదు రెండు పెట్టుకోండి, ఒకటి బ్యాగుల వెనక్కి దాక్కుంటంది.

ఇదంతా విని భయపడకండి. 1923లో బొంబాయి నించి ఆరుగురు పార్శీ కుర్రాళ్ళు సైకిళ్ళ మీద ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరేరు, అందులో హకీమ్, బాపసోలా, భూమ్‌గరా అని ముగ్గురు 1928లో పూర్తి చేసుకుని తిరిగొచ్చేరు. గేర్లు లేవు, ఫోన్లో మ్యాపు లేదు, ఎడారులు దాటేరు. ఆరుగురిలో ముగ్గురే అన్న మాట కూడా గుర్తుంచుకోండి, మీరు పదకొండు మంది. మధ్యలో ఒకడు ఆగిపోతానంటే ఎగతాళి చెయ్యకుండా బస్సెక్కించే మనసుండాలి. ఎవడు ఎవడికోసం ఆగుతాడు, రోజుకి ఎంత దూరం, ఎవడి దగ్గర పంపు, అది ఇక్కడ కూర్చుని తేల్చుకోండి, నెల్లూరులో ఎండలో నిలబడి కాదు.

తిరుగు ప్రయాణం సైకిలు రైల్లో పార్సిలు వేసుకోవచ్చు. పెడళ్ళు ఊడదీసి, హ్యాండిలు పక్కకి తిప్పి, పాత దుప్పటి చుట్టి, పేరూ ఊరూ అట్టముక్క మీద రాసి కట్టండి. సైకిలు మీ రైల్లోనే వస్తాదనుకోకండి, నాది నాలుగు రోజులు లేటుగా వచ్చింది, వచ్చింది కదా అని సంతోషించేను.

ఆఁ, ఆ మూల అబ్బాయి చెయ్యెత్తేడు, అడుగు బాబూ… కుక్కలా? (నవ్వులు) కుక్క వెంటపడితే తొక్కుడు ఆపి దిగిపో నాన్నా, సైకిలు నీకూ దానికీ మధ్యలో పెట్టుకుని నడువు, పరిగెత్తేవాణ్ణే అది తరుముతాది. నిలబడిపోతే చాలావరకూ దానికీ ఏం చెయ్యాలో తెలీదు. అయినా కరిస్తే మాత్రం పరువు చూసుకోకుండా పుండు సబ్బుతో పావుగంట కడిగి సూదికి పరిగెత్తు.

ఇంకోటి అడిగేరు, పంక్చరు ఎన్నిసార్లు పడింది అని. నాలుగు. రెండు ముళ్ళు, ఒక లారీ టైరు తీగ, ఒకటి నా చేత్తోనే ట్యూబు ఎక్కించేటప్పుడు నొక్కేసేను. పంక్చరు వెయ్యడం ఇంట్లో కరెంటు తీసేసి చీకట్లో నేర్చుకోండి. ట్యూబు మార్చే ముందు టైరు లోపల వేలు పెట్టి తడిమి చూడండి, ముల్లు అక్కడే ఉండిపోతే కొత్త ట్యూబూ పోద్ది, నాకు రెండోది అలాగే పోయింది.

టైమయిందంటన్నారు. సరే, ఆదివారం మా కొట్టు సెలవు, కాటా ఖాళీ. పదకొండు మందీ బ్యాగులు ఎలా కట్టుకుంటారో అలాగే కట్టుకుని, నీళ్ళ సీసాలు ఖాళీ చేసి, పొద్దున్న ఏడింటికి అంబాజీపేట రండి. పన్నెండు దాటిన బ్యాగు అక్కడే విప్పిస్తాను, అందరి ముందూ. సిగ్గుపడే సామానుంటే ముందే తీసేసుకోండి. మా గుమస్తాని కూడా రమ్మన్నాను, నవ్వడానికి.